నడుము పట్టీ మీద నా కుట్టు

నవంబర్ 4, సోమవారం, సాయంత్రం

ఈ డైరీ ఎరువుల అంగడి వాళ్లు జనవరిలో ఇచ్చారు. పది నెలలు ఖాళీగానే ఉంది. రాసుకునేంత విషయం నాకెప్పుడూ లేదు. కుట్టుపని, వంట, పూజ. ఈరోజు కార్తీకం మొదటి సోమవారం. యాగంటి వెళ్లి దీపం పెట్టి, స్వామి ముందు నిలబడి కూడా నోరు తెరవలేకపోయాను. నోటితో చెప్పలేనిది చేత్తో రాయగలనేమో చూద్దామని మొదలుపెడుతున్నాను.

హసీనా మా పక్కింటి పిల్ల. ముప్పై ఏళ్లు. వాళ్ల నాయన నబీ సాహెబ్ బనగానపల్లె చుట్టూ మామిడి తోటల్లో నలభై ఏళ్లు కొమ్మలు కొట్టాడు. నడుముకు ఒక తాడు, చెప్పుల్లేని కాళ్లు. నాలుగేళ్ల కింద చెట్టు మీద నుంచి పడితే తుంటి విరిగింది. అప్పటి నుంచి చెట్టెక్కేది హసీనా. ఆడమనిషి చెట్టెక్కడమేమిటని వీధంతా అన్నారు. నేనూ అన్నాను. ఒకసారి ఎక్కుతుంటే చూశాక మళ్లీ అనలేదు.

వచ్చే నెల 7, 8 తేదీల్లో రాయచోటి దగ్గర చింతతోపులో చెట్టెక్కే పోటీ. చెట్టు పనివాళ్ల సంఘం పెడుతోంది. గెలవడం తర్వాతి మాట. పూర్తిగా ఎక్కి దిగిన వాళ్లందరికీ సంఘం కార్డు ఇస్తారట. కార్డుంటే స్కూళ్లు, ఆస్పత్రులు, అపార్ట్‌మెంట్ల వాళ్లు పని నేరుగా చేతికిస్తారు. ఇప్పుడు హసీనా మేస్త్రీ వెంట పోవాలి. ఆడమనిషివి, కింది కొమ్మలు చాలు నీకు అంటాడట. పైకి పోయే మగవాళ్లకు తాళ్లు సర్ది ఇచ్చేది మాత్రం ఈమే.

రూల్స్ ఇంగ్లీషులో వచ్చాయి, పదహారు పేజీలు. హసీనా అయిదో తరగతితో మానేసింది. నేను టెన్త్ పాస్. నిన్న ఫోను తెచ్చి, స్వర్ణత్తా, నువ్వు చదివి చెప్తాండు, నేను మనసులో పెట్టుకుంటా అంది. చదివి చెప్పాను. హెల్మెట్, తాళ్లు, చేతి రంపం. నాలుగో పేజీలో హార్నెస్ వచ్చింది. మేము బెల్టు అంటాం. నడుముకూ తొడలకూ వేసుకునే గట్టి పట్టీలు. పైన మనిషి బరువంతా దాని మీదే. అక్కడ రాసింది ఇది: తయారుచేసిన కంపెనీ ఒప్పుకోకుండా కోసినా, కుట్టినా, ఏ విధంగా మాడిఫై చేసినా ఆ హార్నెస్ నాట్ అలౌడ్. లేబుల్ లేకపోయినా నాట్ అలౌడ్.

ఆ వాక్యం నేను పైకి చదవలేదు. దాటేసి కిందిది చదివాను.

ఆ బెల్టు కుట్టింది నేను.

వ్యవసాయ ట్రైనింగ్‌లో ఆమెకిచ్చిన బెల్టు అది. మగవాళ్ల సైజు. జూలైలో తెచ్చి, తొడల దగ్గర ఒరుసుకుంటాంది, లోపల మెత్త వేయమంది. వేశాను. అది ఆమెకు తెలుసు. నడుము కూడా వదులుగా కనిపించింది నాకు. మన దగ్గర ఏ రెడీమేడ్ కొన్నా నడుము లోపలికి పట్టిస్తాం, గుచ్చుకుంటుందని లోపలి లేబుల్ చీటీ కత్తిరిస్తాం. దానికి ఎవరినీ అడగం. నేనూ అడగలేదు. నడుము పట్టీని రెండువైపులా అంగుళమున్నర మడిచి, తోలు సూది వేసి, మూడు వరసలు కుట్టాను. చీటీ తీసేశాను. పైన మెత్త కప్పేశాను. స్వర్ణలత కుట్టు కనపడదని ఈ ఊళ్లో నాకు పేరు. నిజంగానే కనపడలేదు. హసీనా వేసుకుని చూసి, ఇప్పుడు నా కొలతలకే చేసినట్టుండాది అత్తా అంది. రెండు రోజులు నేను మురిసిపోయాను.

నాలుగు నెలలుగా ఆ పిల్ల నా మూడు వరసల మీద వేలాడుతోంది.

నవంబర్ 5

ఈరోజూ చెప్పలేదు.

నవంబర్ 9, శనివారం

హసీనా ప్రాక్టీసు చూడ్డానికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో తెలియదు. ఊరి బయట పాత తోటలో పెద్ద చింతచెట్టు. వాళ్లమ్మ మహబూబ్ బీ కూడా వచ్చింది.

రాయాలనే ఉంది. ఆమె చెట్టెక్కడం ఎలా ఉంటుందంటే, ముందు చెట్టు చుట్టూ ఒకసారి తిరుగుతుంది. ఎండిన కొమ్మ ఎక్కడుంది, ఎక్కడ తొర్ర ఉంది అన్నీ చూస్తుంది. మొదలు మీద అరచెయ్యి పెట్టి బిస్మిల్లా అంటుంది. చిన్న ఇసుక సంచికి సన్నతాడు కట్టి విసిరితే అది ఇంటి ఎత్తున ఉన్న పంగలోంచి దూరి దిగుతుంది. దాని వెంట పెద్ద తాడు లాగుతుంది. తర్వాత ఇక నేల మనిషి కాదు. పాకదు, దూకదు. మెట్లెక్కినట్టు, ఆయాసం లేకుండా పోతుంది. పైన కొమ్మ కొసకు నడుస్తుంది, కొమ్మ ఊగితే తానూ అంతే ఊగుతుంది. ఆకు రాలితే అటు చూస్తుంది. అంత నెమ్మది. నా పూజలో నాకెప్పుడైనా అంత మనసు కుదిరిందా అని నన్ను నేనే అడిగాను.

అక్కడ రెండు చేతులూ వదిలేసింది. బెల్టులో వెనక్కి ఆనుకుని కూచుని, కొంగు సర్దుకున్నంత తీరిగ్గా హెల్మెట్ కింద చెమట తుడుచుకుంది.

నేను నరసింహస్వామి పేరు పైకే అనేశాను. మహబూబ్ బీ నా భుజం మీద చెయ్యేసి నవ్వింది. నువ్వెందుకు వణుకుతాండావు వదినా, బెల్టులో మెత్త కుట్టింది నువ్వే గదా, నీ చెయ్యి పడిందని నేను నిమ్మళంగా ఉండా అంది.

ఇంటికొచ్చి అన్నం తినలేదు.

నవంబర్ 11, సోమవారం

రెండో సోమవారం. దీపం వెలిగించి హసీనాను కాపాడమని మొక్కుతున్నాను. సగంలో ఆగిపోయాను. నేను మొక్కుతున్నది నా కుట్టు ఊడకూడదని. దాన్ని వేసింది నేనైతే కాపలా ఆయనకు పెడుతున్నాను. సిగ్గేసింది. ప్రదక్షిణలు కూడా పూర్తి చేయకుండా ఆటో ఎక్కాను.

నేరుగా వాళ్లింటికి వెళ్లాను. హసీనా తాళ్లు ఎండలో ఆరేస్తోంది. నడుము పట్టీ మడిచి కుట్టిన సంగతి చెప్పాను. చీటీ కత్తిరించిన సంగతి చెప్పాను. రూలు చెప్పాను. ఆమె చేతిలో తాడు అలాగే ఉంది. ఎన్ని చోట్ల సూది దిగింది అని అడిగింది. లెక్క తెలియదన్నాను. మూడు వరసలన్నాను. బెల్టును జాకెట్టు అనుకుంటివా అత్తా అంది.

మహబూబ్ బీ లోపలి నుంచి యా అల్లా అని ఒక్క మాట. నబీ సాహెబ్ మంచం మీద నుంచి, నేను ఒట్టి తాడుతో ఎక్కుతాంటే ఏ రూలూ లేకపాయ, పడినాక తెలిసె ఎందుకు ఉండల్లో అన్నాడు.

ఈ రూలు నీకెప్పుడు కనపడింది అత్తా అని హసీనా అడిగింది. రాత్రి మళ్లీ చదివితే కనపడింది అన్నాను.

అది అబద్ధం. కార్తీక సోమవారం, నొసట విభూతి పెట్టుకుని, చెప్పాను.

నవంబర్ 14, గురువారం

హసీనా మూడు రోజులుగా రాలేదు. రోజూ పొద్దున మా కొళాయి దగ్గర ఒక మాట మాట్లాడి పోయేది. బెల్టు మాత్రం వాళ్లమ్మతో పంపింది, ఏం చేస్తావో నీకే తెలుసు అన్నట్టు.

మా ఆయనకు చెప్పాను. దీనికింత ఏడుపెందుకు మే, విప్పేయ్, పోయె, వాళ్లకేం తెలుస్తాది అన్నాడు. చిన్న కత్తెర తీసుకుని కూర్చున్నాను. ఒక మూల నాలుగు కుట్లు విప్పాను. దారం వచ్చింది. చిల్లులు పోలేదు. వెలుతురుకు పెట్టి చూస్తే పట్టీలో సన్నగా చుక్కలు, చుక్కల చుట్టూ తెగిన పోగులు నూగులా లేచి ఉన్నాయి. జాకెట్టయితే ఇస్త్రీ చేస్తే చిల్లు కూడుకుంటుంది. ఇది కూడుకోదు. సూది గుచ్చిన ప్రతిచోటా తెంపాను.

కత్తెర పక్కన పెట్టేశాను. విప్పి ఇస్తే కుట్టును దాచినట్టు కూడా కాదు, తెగిన దాన్ని దాచినట్టు.

నవంబర్ 17, ఆదివారం

వచ్చింది. కోపం తగ్గిందో లేదో ముఖంలో తెలియలేదు. మా గడప మీదే కూచుంది. రూల్స్ కింద ఉన్న నంబరుకు తానే ఫోన్ చేసిందట. గేర్ చెకింగ్ చేసే ఆయన ఏసేపు. నలభై ఏళ్లు కరెంటు టవర్లెక్కిన మనిషి. ఫోన్లో ఒప్పుకోను, కాదనను, నా చేతికి రావల్ల, అప్పుడు చెప్తా అన్నాడట. పనికిరాదని తేలితే ఇంకొకరి బెల్టుతో ఎక్కొచ్చు, అది చెకింగ్‌లో పాసైతే, ఎవరైనా ఇస్తే.

ఎవరైనా ఇస్తే.

నువ్వు రావల్ల అత్తా అంది. నేనెందుకు పాపా అన్నాను. కుట్టింది నువ్వు, ఆయప్పకు చెప్పేది నువ్వే అంది. నలుగురిలో నా గొంతు బయటికి రాదని ఆమెకు తెలుసు. పెళ్లిళ్లలో పాట పాడమన్నా లేచి వెళ్లిపోతాను. ఆమెకు అది తెలిసే అడిగింది. న్యాయమే.

వస్తానన్నాను.

నవంబర్ 27

బెల్టు లేక కింది కొమ్మల మీదే ప్రాక్టీసు చేస్తోంది. మేస్త్రీ చూసి, నేను చెప్పలా, నీకు ఆ కొమ్మలే అని నవ్వాడట. ఆమె నాతో చెప్పలేదు. మహబూబ్ బీ చెప్పింది.

డిసెంబర్ 6, శుక్రవారం

కడపలో బస్సు మారాం. రాయచోటి చేరేసరికి సాయంత్రం. సంఘం వాళ్లు ఒక కల్యాణ మండపంలో ఆడవాళ్లకు గది ఇచ్చారు. ఆడవాళ్లంటే మేమిద్దరమే. పద్నాలుగు మంది పోటీలో హసీనా ఒక్కతే ఆడమనిషి. ఆమె నమాజు చేసుకుంది, నేను పక్కన విష్ణు సహస్రనామం చదువుకున్నాను. ఇద్దరం ఒకేసారి ముగించాం. ఎందుకో నవ్వొచ్చింది ఇద్దరికీ. మూడు వారాల్లో మొదటి నవ్వు.

డిసెంబర్ 7, శనివారం

తోపులో పెద్ద టార్పాలిన్ పరిచి, ఒక్కొక్కరి సామాన్లు వరసగా పెట్టించారు. ఏసేపు మోకాళ్ల మీద కూచుని చూస్తున్నాడు. అరవై దాటాయి. తెల్ల మీసం, మెడలో నల్లదారానికి చిన్న సిలువ. ఎవరితోనూ మాట్లాడడు. తాడును బెత్తెడు బెత్తెడు వేళ్ల మధ్య జరుపుతాడు. ముందున్న ఒకతను కొక్కెం మీద ఇంటి పేరు చెక్కించుకున్నాడని దాన్ని పక్కన పెట్టేశాడు. పేరే కదన్నా అని అతను బతిమాలాడు. పేరు కాదప్పా, గీత అన్నాడు ఏసేపు. అంతే.

మా వంతు వచ్చింది. హసీనా బెల్టు పెట్టి నా వైపు చూసింది. నేను ముందుకు వెళ్లాను. అయ్యా, దీన్ని నేను కుట్టాను, టైలర్ని, తెలియక నడుము పట్టించాను, చీటీ కత్తిరించాను అన్నాను. గొంతు వచ్చింది. చివరి వరకూ వచ్చింది. పద్నాలుగు మందీ వింటున్నారు.

ఆయన మెత్త కింద వేలు పెట్టి, కళ్లు మూసుకుని తడిమాడు. చాలాసేపు. ఎంత చక్కని కుట్టమ్మా, నువ్వు చెప్పకుంటే నా వేలికి కూడా దొరికేది కాదు, ఇట్లా కుట్టినోళ్లకు దండం పెట్టల్ల అన్నాడు. అని, పనికిరాదనే ఎర్ర చీటీ తీసి బెల్టుకు కట్టాడు.

ఎందుకో కూడా చెప్పాడు. కంపెనీ వాళ్లు కుట్టినదాన్ని బరువు కట్టి తెగేదాకా లాగి చూస్తారు, ఎంతకు తెగుతుందో వాళ్లకు లెక్కుంటుంది. నీ కుట్టు ఎంతకు తెగుతుందో నీకూ తెలియదు, నాకూ తెలియదు, చెట్టు మీద ఉండే పాపకు తెలిసిన పొద్దు ఏం లాభం అన్నాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

తర్వాత వెనక మెత్త ఎత్తి ఇంకొకటి చూపించాడు. మెత్త లోపల రెండు చిన్న బకిల్స్. నడుము తగ్గించుకోవడానికి కంపెనీవాడే పెట్టినవి. నేను వాటి పైనే మడత వేసి, అటూ ఇటూ కదలకుండా కుట్టేశాను. లాగితే సరిపోయేది. అసలు సూదితో పనే లేదు.

హసీనా అది చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు.

ఏసేపు లేచి అందరికీ వినపడేలా అన్నాడు, ఇన్నేండ్లలో తప్పు దాచినోళ్లను పట్టుకున్నా గానీ, తప్పు చేత్తో పట్టుకుని వచ్చినామెను ఈ పొద్దే చూస్తాండా అని. మా అత్త రూలు చూసిన మర్నాడే వచ్చి చెప్పింది సార్ అంది హసీనా. చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు ఎలా ఉన్నాయో రాయలేను.

అదే రోజు, సాయంత్రం

బెల్టు దొరికింది. కోసిగి నుంచి వచ్చిన కంబన్న అనే ఆయన ఇచ్చాడు. వానల్లేని నెలల్లో బెంగళూరు పోయి చెట్ల పని చేస్తాడట. గుమ్మం నిండేలా ఉంటాడు. నా నడుములో ఇద్దరు హసీనాలు పడతారు, ఇంకొకామెను తోడు తెచ్చుకోమ్మా అన్నాడు. రేపు తాను ముందు ఎక్కి దిగి, విప్పి ఇస్తాడు. తన పోటీలోనే ఉన్న మనిషికి తన బెల్టు ఇవ్వడం! ఎందుకిస్తున్నావన్నా అని అడిగాను. చెట్టు మీద ఎవురు పడినా పైకి పోయి దించాల్సింది మేమే గదమ్మా అన్నాడు.

ఏసేపు హసీనాకు తొడిగి బకిల్స్ లాగి చూపించాడు. పట్టీ ఆఖరి చిల్లుకు వచ్చింది. నేను నా రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను.

డిసెంబర్ 8, ఆదివారం

మళ్లీ మళ్లీ రాయాలనిపిస్తోంది. బస్సులోనే మొదలుపెట్టాను, అక్షరాలు గంతులేస్తున్నాయి.

చింతచెట్టు మీద అయిదు చోట్ల అయిదు గంటలు కట్టారు. పదిహేను నిమిషాల్లో అయిదూ కొట్టి, కింద గీసిన సున్నాలో దిగాలి. ఒక్క గంట తప్పినా కార్డు లేదు.

హసీనా పదకొండోది. చెట్టు చుట్టూ తిరిగింది. అరచెయ్యి పెట్టింది. మొదటి గంట నాకు కనపడకముందే వినపడింది. రెండోది రంపంతో తట్టి కొట్టాలి, కొట్టింది. మూడో గంటకు ఒక కొమ్మ మీద నుంచి ఇంకో కొమ్మకు తాడు మీద ఊగి, ఎండుటాకు వాలినంత మెత్తగా కాళ్లు ఆనించింది. మగవాళ్లు అక్కడ దబ్బున తగిలారు. కంబన్న నా పక్కనే నిలబడి, చూడమ్మా చూడు, ఆ చెట్టుకు ఆమె ఉన్నట్టు తెలియడంలా అన్నాడు. నాలుగో గంట మోగింది.

అయిదోది కొమ్మ కొసన. సగం దూరం నడిచి ఆగిపోయింది. పెద్ద బెల్టు, ఎడమ తొడ పట్టీ జారింది. పోనీ పో, టైమైపోతాంది అని కింద నుంచి అరుస్తున్నారు. ఆమె పోలేదు. నెమ్మదిగా కూచుంది. పట్టీ పైకి లాగింది, బకిల్ బిగించింది, మళ్లీ ఒకసారి లాగి చూసుకుంది. ఏసేపు తల ఊపాడు. అప్పుడు లేచి వెళ్లి గంట కొట్టింది. సున్నాలో దిగేసరికి పదిహేనుకు పదకొండు సెకన్లు మిగిలాయి.

తొమ్మిదో స్థానం. కార్డు ఇచ్చారు. ఫోటోలో ముఖం బాగా రాలేదని ఒకటే గొణుగుడు.

ఎర్ర చీటీ బెల్టును ఇంకెవరూ వేసుకోకుండా కోసేయడం అక్కడి పద్ధతి. బెల్టుగల మనిషి ఒప్పుకుంటేనే. హసీనా ఒప్పుకుంది. ఏసేపు పెద్ద కత్తెర నాకిచ్చాడు. నేనే కోశాను. పట్టీ గట్టిది, మూడుసార్లు పట్టింది. నా జీవితంలో అంత నీటుగా కుట్టింది ఇంకొకటి లేదు.

బస్సు గువ్వలచెరువు ఘాటు దిగుతుంటే ఆమెకు చెప్పేశాను. ఆ చప్పట్లు నావి కావు, మొదటిరోజే ఆ వాక్యం చూశాను, దాటేశాను, వారం రోజులు నోరు మూసుకున్నాను, నువ్వు వేలాడుతుంటే కింద నిలబడి చూశాను అని.

హసీనా కిటికీలోంచి చూస్తూ, తెలుసు అంది.

ఆ పొద్దు నువ్వు చదువుతాంటే నీ గొంతు అట్ల ఆగి ఇట్ల దూకె, ఒక మాట మింగినావని నాకు అప్పుడే తెలుసు అంది. నేను ఏమనుకుంటి అంటే, ఆడోళ్లకు పోటీ లేదు అని రాసింటారు, నా మనసు నొచ్చుకుంటాదని అత్త చదవల్యా అనుకుంటి. వారమంతా అదే అనుకుంటా ప్రాక్టీసు చేసినా. రానీయకపోతే గేటు దగ్గర కొట్లాడి పోవల్లని. నువ్వు వచ్చి కుట్టు సంగతి చెప్తివి, అబ్బ ఇంతేనా అనిపించె. తర్వాత కోపమొచ్చె.

మరి నిన్న అందరి ముందూ అలా ఎందుకు చెప్పావు అన్నాను.

నలుగురిలో నీ గొంతు మొదటిసారి వచ్చె, మళ్లీ దాన్ని మూయించేదెందుకు అంది. కొంచెంసేపయ్యాక నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. అరచేతుల్లో తాడు ఒరిపిడి, ఎర్రగా. కడప దాకా నేను కదల్లేదు.

డిసెంబర్ 9, సోమవారం

తెల్లవారుజామున యాగంటి వెళ్లాను. గుళ్లో గంట కొట్టబోయి చెయ్యి ఆగింది. తల ఎత్తి పైకి చూశాను. పైన ఎవరూ లేరు. అయినా నెమ్మదిగా కొట్టాను.

నా తర్వాత ఈ డైరీ ఎవరి చేతికొచ్చినా, ఈ కాగితాలు చింపకండి. ఉంచండి. ఎవరికీ చూపించకండి.